పేరు పెట్టి నేర్పే ప్రేమ

మహారాష్ట్రలోని చాందా (ఇప్పటి చంద్రపూర్) జిల్లాకు తెలుగు కొత్త కాదు. ప్రాణహిత ఒడ్డున ఉన్న సిరోంచ ప్రాంతం 1874లో ఈ జిల్లాలోనే కలిసింది. ఇప్పుడది గడ్చిరోలి జిల్లాలో ఉంది. ఆ తర్వాత బొగ్గు గనులు, బల్లార్‌పూర్ కాగితం మిల్లు, రైలు మార్గం మరెన్నో తెలుగు కుటుంబాలను ఇటు రప్పించాయి. క్రైస్తవ విశ్వాసానికీ ఇక్కడ రాష్ట్రాల హద్దు అడ్డం రాలేదు. చాందా పేరుతో 1962లో ఏర్పడిన సీరో-మలబార్ కథోలిక పాలనా ప్రాంతంలో 1999 దాకా ఆదిలాబాద్ కూడా ఉండేది.

ఇక్కడి తెలుగు సండే స్కూల్ టీచరు ముందున్న చిక్కు ఒకటే. పిల్లల బడి చదువు మరాఠీలోనో, హిందీలోనో, ఇంగ్లిషులోనో సాగుతుంది. వాళ్లకు తెలుగు చెవికి తెలుసు, కంటికి తెలియదు. అయినా నోటితో నేర్పే ఈ బోధన పుట్టిందే చదువురాని వాళ్ల కోసం. అందుకు ఉదాహరణ ఇక్కడి రైలు దారిలోనే ఉంది: బల్లార్‌పూర్‌లోని బల్లార్షా స్టేషన్ నుంచి కాజీపేట మీదుగా విజయవాడ వెళ్లే రైలు దోర్నకల్ దాటే పోతుంది. 1912లో అక్కడ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య కాలంలో పల్లె ఉపాధ్యాయులు పగలు పిల్లలకు అక్షరాలు దిద్దించేవారు. పొద్దుగూకాక, పొలం పనుల నుంచి వచ్చిన పెద్దలకు ప్రార్థనలూ బైబిలు కథలూ నోటితోనే నేర్పేవారు.

అందులో పాటకే పెద్దపీట. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి వారి కీర్తనలకు రాగం, తాళం ఉంటాయి. టీచరు పల్లవి అందుకుంటే పిల్లలు తిరిగి అంటారు. చరణం ఏదైనా పల్లవి దగ్గరకు వచ్చేసరికి అందరి గొంతూ కలుస్తుంది. మరాఠీ చర్చిల్లో నారాయణ వామన్ తిలక్ అభంగాలు చేసే పని ఇదే.

తర్వాత కంఠత వాక్యం. యోహాను 3:16ను బోర్డు మీద రాసి, చదివించి, ఒక్కో మాటా తుడిపేస్తూ పోతారు. ప్రతిసారీ పిల్లలు వాక్యం మొత్తం చెప్పాలి. బోర్డు ఖాళీ అయ్యేసరికి వాక్యం నోటికి వచ్చేస్తుంది. అసలు పాఠం ఆ తర్వాతే మొదలవుతుంది. దేవుడు ప్రేమించింది ఎవరిని? 'లోకమును' అన్న చోట ఒక్కొక్కరూ తమ పేరు పెట్టుకుని మళ్లీ చెప్పాలి. ఎప్పుడూ వెనక వరసలో నక్కే పిల్ల తన పేరు తనే పైకి పలకాలి. నా దృష్టిలో ఈ సంప్రదాయం మొత్తంలో ఇంతకు మించిన పద్ధతి లేదు.

కథ చెప్పడానికైతే ఈ నేలే సాయం వస్తుంది. తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం కాపరి మిగతా తొంభై తొమ్మిదింటినీ వదిలి వెళ్లే బైబిలు కథ, తాడోబా పులుల అడవి పక్కన పెరిగిన పిల్లలకు ఊరికే వినిపోయే కథ కాదు. అడవిలో తప్పిన గొర్రెకు ఏమవుతుందో వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 'మరి తొంభై తొమ్మిదింటినీ వదిలి వెళితే, వాటి మీదికి పులి రాదా?' అని అడగగలరు వాళ్లు. మంచి టీచరు ఆ ప్రశ్నను నొక్కేయకూడదు. కాపరి తెగింపు ఎంతటిదో పట్టుకున్న బిడ్డ మాత్రమే అలా అడుగుతుంది.

ఈ పనికి సాధారణంగా జీతం ఉండదు. వారమంతా ఉద్యోగమో ఇంటి చాకిరీయో చేసి, ఉన్న ఒక్క ఆదివారం పొద్దునా దీనికే ఇచ్చేవాళ్లు ఎందరో. ఎందుకంటే దేవుని ప్రేమను నేర్పేవాళ్లు ముందు దాన్ని తమకు తాము చెప్పుకోవాల్సి వస్తుంది. శనివారం రాత్రి పాఠం సిద్ధం చేసుకుంటూనే సగం ఆనందం అందుకుంటారు. మిగతా సగం, పదో తరగతికి వచ్చిన పిల్ల తనంతట తానే చిన్నపిల్లల తరగతి అడిగి తీసుకున్న రోజున దక్కుతుంది.