వంపుకు ముందు గీత

అనంతగిరి ఘాట్ ఎక్కి పైకి వెళ్లాక కరెంటు పనివాడికి మొదట ఎదురయ్యేది గోడే. మైదానంలో ఇటుక గోడకి గాడి కొట్టి, పైపు అందులో పెట్టి, సిమెంటు పూసేస్తే లోపల ఏ వంపు ఎలా ఉందో ఎవరికీ కనపడదు. అరకు, పాడేరు, చింతపల్లి వైపు గూడేల్లో ఆ వెసులుబాటు లేదు. మట్టిగోడకి ఉలి పెడితే చేటంత పెళ్ల ఊడొస్తుంది. పైగా ఆ గోడ ఊరికే నిలబడ్డ గోడ కాదు. ఇంటి ఆడవాళ్లు మట్టితో అలికి, జేగురు పట్టీ తీర్చి, చేతులతో నున్నగా చేసుకున్నది. దాన్ని కోసే హక్కు మనకెక్కడిది? రాతికట్టు బడి అయినా, రేకుల షెడ్డయినా, కాఫీ పళ్ల తోలు తీసే పల్పింగ్ యూనిట్టయినా అంతే. పైపు గోడ మీదనే నడవాలి. చేసినవాడి పనితనం ఏళ్ల తరబడి అందరి కళ్లెదుటా ఉంటుంది.

అందుకే కొండమీద పనిచేసే కుర్రాళ్లకి నేను మొదట చెప్పేది స్విచ్‌బోర్డు గురించి కాదు, పైపు వంచడం గురించి. కాండ్యూట్ పైపుని చేతి బెండర్‌తో, కొలతకి, మొదటిసారే సరిగ్గా వంచడం. చూడ్డానికి చిన్న పని. దానిమీద ఒక వారం కాలమ్ రాయాలా అని అడగొచ్చు. రాయాలనే నా పట్టుదల.

దుకాణంలో ఎల్బోలు అమ్ముతున్నారు కదా, రెండు చివర్లకీ జిగురు రాసి తొడిగేస్తే పోలేదా అంటారు. ఎల్బో మలుపు మరీ ఇరుకు. వైరు లాగేటప్పుడు దాని లోపలి మూలకి ఒరుసుకుంటుంది. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం చూసినవాళ్లకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించడానికి 1960ల్లో వేసిన ఆ లైను, కొండని తొలిచి సొరంగాలు పెట్టుకుందే తప్ప చటుక్కున మూల తిరగలేదు. బరువు లాగేది ఏదైనా మలుపులో నిదానంగానే తిరగాలి. మూడు నాలుగు వైర్లు కలిపి కట్టి లాగుతుంటే పైపు లోపల జరిగేదీ అదే.

రెండో కారణం వాన. ఒక్క ఎల్బో పెడితే రెండు అతుకులు. చేత్తో వంచిన పైపుకి అతుకే లేదు. అరకులో వానాకాలం ముసురు పట్టిందంటే రోజుల తరబడి గోడ తడారదు. తేమ చేరాలన్నా, చీమలు దూరాలన్నా దారి అతుకే. ఇనుప పైపయితే ఇంకో చిక్కు కూడా ఉంది. ఎర్తింగ్‌కి పైపు కూడా తోడుగా ఉండే చోట ప్రతి మరా తుప్పుపట్టి వదులయ్యే అవకాశమే. వైరింగుకి మనం పాటించే భారతీయ ప్రమాణం ఐఎస్ 732 మాట కూడా ఇదే: ఎండకీ వానకీ బయటపడే పైపులో ఫిట్టింగులు వీలైనంత తగ్గించాలి. వంపు వ్యాసార్థం 7.5 సెంటీమీటర్లకి తగ్గకూడదు. ఒక బాక్సు నుంచి మరో బాక్సుకి మధ్య నాలుగు పావు వంపులకి మించకూడదు. ఈ మూడూ కాగితం మీద కూర్చుని రాసిన నియమాలు కావు. వైరు లాగి లాగి చేతులు కాయలు కాచినవాళ్ల అనుభవం అందులో ఉంది.

మూడోది దూరం. ఒక్క ఎల్బో తక్కువైతే అరకు బజారుకో, అక్కడ దొరక్కపోతే ఘాట్ దిగి శృంగవరపుకోటకో పోవాలి. పూట గడిచిపోతుంది. బెండర్ ఉన్నవాడికి ఆ బాధ లేదు.

ఇక అసలు పని. నల్ల ఎనామిల్ పూసిన ఇనుప కాండ్యూట్ 20, 25 మిల్లీమీటర్ల సైజులో ఉంటే చేతి బెండర్‌కి బాగానే లొంగుతుంది. పైపు గోడ మందం 1.6 మిల్లీమీటర్లు. వంచినప్పుడు బయటివైపు లోహం సాగుతుంది, లోపలివైపు నొక్కుకుంటుంది. పైపుకి నిలువునా ఒక అతుకు గీత కనపడుతుంది కదా, దాన్ని బయటివైపుకి రానివ్వకూడదు. పక్కకి పెట్టుకోవాలి. సాగే చోట అతుకు ఉంటే విచ్చుకోవచ్చు. బెండర్ బూటులోని, అంటే కర్ర కొసన ఉండే వంపు దిమ్మెలోని గాడి పైపుని రెండు పక్కలా పట్టి ఉంచబట్టే అది చదును కాకుండా గుండ్రంగా తిరుగుతుంది. బూటు లేని రోజుల్లో మందపాటి చెక్కదిమ్మెకి కన్నం పెట్టి, అందులో పైపు దూర్చి, కొంచెం కొంచెంగా జరుపుతూ వంచేవారు. పైపు లోపల పొడి ఇసుక దట్టించి రెండు కొసలూ బిగించేవారు. ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడులో ఆ దిమ్మె పద్ధతి ఇప్పటికీ చెబుతారు. చెప్పాలి కూడా. లోహం చేతికింద ఎలా కదులుతుందో అర్థమయ్యేది అక్కడే.

బెండర్ పట్టినవాడు మొదట కర్ర మీద బలం చూపిస్తాడు. బలం పెట్టాల్సింది కాలితో. బూటు మడమ మీద పాదం గట్టిగా అదిమితే పైపు గాడిలోంచి లేవదు. చెయ్యి కర్రని దించుతూ పోతే చాలు. కాలు వదులైతే వంపులో చిన్న నొక్కు పడుతుంది. ఆ నొక్కు దగ్గరే రేపు వైరు ఆగుతుంది. గూడెంలో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మట్టి నేలలో బూటు దిగిపోతుంది. కింద ఒక రాతిపలకో, మందపాటి చెక్కో వేసుకోకపోతే కోణం నిలవదు.

నాకు పని నేర్పిన మేస్త్రీది శృంగవరపుకోట వైపు. కొత్త కుర్రాడు పైపు మీద పడి మూలుగుతుంటే పక్కన కూర్చుని ఒకటే అడిగేవాడు: “పైపు మీద బలం తరవాత సూపిద్దువు గానీ బావూ, ముందు గీత ఎక్కడెట్టావో అది సూపించు.” నేను ఈ పనిలో నమ్మేదంతా ఆ ప్రశ్నలోనే ఉంది. వంపు చెడిందంటే నూటికి తొంభై పాళ్లు చెయ్యి చెడి కాదు, గీత తప్పుచోట పడి.

గీత ఎక్కడ పెట్టాలి? పైపు కొసని నేల నుంచి 400 మిల్లీమీటర్ల ఎత్తున నిలబెట్టాలి అనుకుందాం. కొస నుంచి 400 కొలిచి అక్కడ బెండర్ మీది బాణం గుర్తుని ఉంచి వంచితే కొస కావలసినదానికన్నా పైకి పోతుంది. వంపు కూడా తన వంతు పొడవు కలుపుతుంది కాబట్టి. ఆ కలిపే పొడవు ఒక్కో బెండర్‌కి ఒక్కో రకం. దాన్ని తెలుసుకునే పద్ధతి చాలా తేలిక. వృథా ముక్క ఒకటి తీసుకుని కొస నుంచి 300 దగ్గర గీత పెట్టి, బెండర్ బాణాన్ని ఆ గీత మీద ఉంచి, సరిగ్గా లంబకోణానికి వంచాలి. ఇప్పుడు నేల మీద ఆనించి కొస ఎత్తు కొలిస్తే 425 వచ్చిందనుకోండి. ఆ బెండర్ అంకె 125. ఇక 400 ఎత్తు కావాలంటే 275 దగ్గర గీత. 600 కావాలంటే 475 దగ్గర. అమెరికాలో సన్నగోడ పైపులకి వాడే బెండర్ల మీద ఈ అంకెని పోతలోనే పోసి ఇస్తారు: అర అంగుళం పైపుకి 5 అంగుళాలు, ముప్పావుకి 6, అంగుళానికి 8. మన దగ్గర దొరికే చాలా బెండర్ల మీద ఏమీ ఉండదు. ఎవరి బెండర్‌ని వాళ్లు కొలుచుకుని, ఆ అంకెని రంగుతో కర్ర మీద రాసుకోవాలి. లంబకోణం చూడ్డానికి కంటిని నమ్మకండి. ఒక జేబు రసమట్టం చాలు. ఇనుము కాస్త వెనక్కి లేస్తుంది కాబట్టి తొంభై దాటి పిసరంత ఎక్కువ వంచి వదలాలి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది రెట్టింపు వంపు. కొండ ఊళ్ల బళ్లలో కింద రాతికట్టు, పైన ఇటుక గోడ ఉంటాయి. రాయి ఇటుక కన్నా ముందుకి పొడుచుకొస్తుంది. పైనుంచి గోడని అంటుకుని దిగిన పైపు, ఆ మెట్టు దగ్గర పక్కకి తప్పుకుని మళ్లీ నిటారుగా దిగాలి. ఒక వంపు ఇటు, ఒక వంపు అటు. రాయి 60 మిల్లీమీటర్లు ముందుకొచ్చిందనుకుందాం. రెండు వంపులూ ముప్పై డిగ్రీలైతే గీతల మధ్య దూరం దానికి రెట్టింపు, 120. నలభై అయిదు డిగ్రీలైతే 1.4 రెట్లు, దగ్గర దగ్గర 85. ఇక్కడ చాలామంది మరిచేది ఇంకోటుంది. పైపు పక్కకి తప్పుకున్నందుకు అది నిటారుగా అందుకునే పొడవు కాస్త తగ్గుతుంది. ముప్పై డిగ్రీల దగ్గర ఆ తరుగు, రాయి ముందుకొచ్చిన కొలతలో పావు వంతు కన్నా కొంచెం ఎక్కువ. 60కి 16 మిల్లీమీటర్లు. ఆ 16 ముందే కలుపుకుని గీత పెట్టినవాడి పైపే రాతి అంచుకి సరిగ్గా కూర్చుంటుంది.

ముప్పై దగ్గర లెక్క అంత సుళువుగా రెండు ఎందుకయింది? ముప్పై డిగ్రీల జ్య (సైన్) వ్యాసార్థంలో సరిగ్గా సగం కాబట్టి. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో పావు వృత్తాన్ని 24 మెట్లు చేసి, ఒక్కో మెట్టుకీ జ్య ఎంత పెరుగుతుందో ఇచ్చాడు ఆర్యభటుడు. 225, 224, 222, 219 అని మొదలై మెల్లగా తగ్గే ఆ తేడాల్ని ఎనిమిదో మెట్టు దాకా, అంటే ముప్పై డిగ్రీల దాకా కూడితే 1719. వ్యాసార్థం 3438. సరిగ్గా సగం. పదో తరగతిలో త్రికోణమితి అంటే భయపడి పుస్తకం మూసేసిన గిరిజన హాస్టల్ పిల్లవాడు, నా ఎదుట రాతికట్టు మీద పైపు పెట్టి ఇదే లెక్కని వేళ్ల మీద చెప్పేశాడు. గోడ మీద కనపడేసరికి వాడికి ఆ లెక్క మీద భయం పోయింది. బళ్లో ఆ పాఠం చెప్పేటప్పుడు బెండర్ ఒకటి తెచ్చి పెడితే ఎంత బాగుండును అనిపించింది.

రెండు వంపుల్లో రెండోది మొదటిదానితో ఒకే తలంలో పడాలి. పైపు గాడిలో రవ్వంత దొర్లినా, వంచాక నేల మీద పెడితే ఒక కొస గాల్లో లేస్తుంది. గోడకి బిగిస్తే పైపుని పట్టి ఉంచే శాడిల్ దగ్గర ఎత్తుగా నిలబడుతుంది. మందు సులభం. వంచే ముందే పైపు పొడవునా ఒక నిలువు గీత గీసుకుని, రెండుసార్లూ ఆ గీత పైకే ఉండేలా చూసుకోవడం.

ప్లాస్టిక్ పైపు కథ వేరు. ఈ రోజుల్లో ఇళ్లకి ఎక్కువ వాడేది అదే. దానికి బూటు అక్కర్లేదు, లోపల దూర్చే స్ప్రింగు కావాలి. సైజుకి తగిన స్ప్రింగు దూర్చి మోకాలికి ఆనించి వంచుతారు. పైపు మధ్యలో వంపు కావాలంటే స్ప్రింగు కొసకి దారం కట్టుకోవాలి, లేకపోతే తిరిగి అందదు. బయటికి తీసేటప్పుడు చుట్టలు బిగుసుకునే దిక్కుకి తిప్పుతూ లాగితే స్ప్రింగు సన్నబడి జారి వస్తుంది. మైదానంలో ఇదంతా పిల్లల ఆట. చలికాలం కొండమీద కాదు. లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున చలి ఒక్కోసారి సున్నా డిగ్రీల దగ్గరికి దిగుతుంది. రాత్రంతా బయట పడున్న పైపుని ఆ పూట వంచబోతే ముడత పడుతుంది, ఒక్కోసారి చిట్లుతుంది. చిట్లిన చప్పుడు వినపడితే సరే. వినపడని సన్న పగులుతోనే ప్రమాదం, అది గోడెక్కాక తడి పీలుస్తుంది. తొందరపడి నెగడు మంట మీద పైపు చూపించేవాళ్లున్నారు. అది మహా చెడ్డ అలవాటు. పైకి వేడెక్కి మెత్తబడుతుంది, లోపల బిరుసుగానే ఉంటుంది, పైపెచ్చు మసి. రాత్రి పైపుల్ని ఇంట్లో పెట్టుకోవడం, వంచే చోట గుడ్డతో గట్టిగా రుద్దడం, లేదా ఎండ పొడిచేదాకా బోర్డు పని చేసుకుంటూ ఆగడం సరైన పద్ధతి. వంచేటప్పుడు నెమ్మదిగా, కావలసినదానికన్నా కాస్త ఎక్కువ వంచి, ఒక్క క్షణం పట్టుకుని వదలాలి.

బిగింపు సంగతి ఒక్క మాటలో చెప్పేస్తాను. శాడిల్స్ మధ్య మీటరు దూరం మించకూడదు, వంపుకి రెండు వైపులా మాత్రం దగ్గరగా పడాలి. మట్టిగోడలో మర నిలవదు కాబట్టి పైపుని వీలైనంత వరకు గుంజల వెంట, దూలాల వెంట నడిపించాలి.

ఈ కొండల్లో కరెంటు పుట్టడం మొదలై చాలా కాలమైంది. డుడుమ జలపాతం దగ్గర మాచ్‌ఖండ్ 1955లో మొదలైంది, తరవాత సీలేరు నది మీద కేంద్రాలొచ్చాయి. ఆ కరెంటు మైదానపు పట్టణాలకి దిగిపోయిన ఎన్నో ఏళ్లకి గానీ చుట్టుపక్కల గూడేలకి తీగ రాలేదు. ఇంత ఆలస్యంగా ఇంట్లోకొచ్చిన దీపానికి మిగిలిపోయిన సామానుతో, అడ్డదిడ్డమైన పైపులతో పని కానిచ్చేస్తే నాకు ప్రాణం ఒప్పదు. పైపు బాగా వంగి ఉంటే, రేపు ఆ ఇంట్లో ఫ్రిజ్ కొనుక్కున్నప్పుడు పాత వైరు లాగేసి లావు వైరు ఎక్కించుకోవచ్చు. గోడ ముట్టుకోనక్కర్లేదు, గుంటూరు నుంచో విశాఖ నుంచో మనిషి రానక్కర్లేదు. ఆ ఊరి కుర్రాడే చేసుకుంటాడు.

అయితే ఆ కుర్రాడికి ఈ పని మీద ప్రేమ పుట్టాలంటే కూలి కూడా దానికి తగ్గట్టు దక్కాలి. మన ఎస్టిమేట్లలో వైరింగుని పాయింటుకింత అనో, పైపుని మీటరుకింత అనో కడతారు. ఎల్బో తొడిగి పరుగెత్తినవాడికీ, రాతికట్టు ముందు కూర్చుని 16 మిల్లీమీటర్లు కలుపుకుని గీత గీసినవాడికీ ఒకే రేటు. కాంట్రాక్టరు సహజంగానే పరుగెత్తేవాణ్నే పిలుస్తాడు. బడికైనా, ఆసుపత్రికైనా, కాఫీ షెడ్డుకైనా కొండ మండలాల్లో పని పిలిచే శాఖలు, గోడ బయట నడిచే పైపుకి చేతి వంపు ఒక్కింటికి ఇంత అని అంచనాలో ఒక వరుస విడిగా చేర్చాలి. ఐటీఐల వాళ్లు ఆ వరుస చూపించి పిల్లలకి మరికొన్ని పైపు ముక్కలు అడిగి పుచ్చుకోవచ్చు.