ఉద్యమం వెంట కెమెరా

1953లో హైదరాబాద్‌లో పుట్టిన దీపా ధన్‌రాజ్ సినిమా పని బెంగళూరులో మొదలైంది. 1980లో అభా భయ్యా, మీరా రావు, ఛాయాగ్రాహకుడు నవ్‌రోజ్ కాంట్రాక్టర్‌లతో కలిసి ఆమె ‘యుగాంతర్’ బృందాన్ని పెట్టారు. పుణెలో ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల సంఘంపై ‘మోల్కరీన్’, నిపాణి పొగాకు కార్మికురాళ్లపై మరో చిత్రం వచ్చాయి. కథ ఎవరిదైతే వాళ్లతో కూర్చుని మాట్లాడాకే చిత్రీకరణ. తీసిన సినిమాను బస్తీల్లో, పల్లెల్లో వేసి చర్చ పెట్టడమూ ఆ పనిలో భాగమే.

హైదరాబాద్ మహిళా బృందం స్త్రీ శక్తి సంఘటనతో కలిసి 1983లో తీసిన ‘ఇది కథ మాత్రమేనా’ తెలుగు చిత్రం. ఖచ్చితంగా చెప్పాలంటే డాక్యుమెంటరీ కాదు. గృహహింసపై ఆ బృందంలో సాగిన చర్చల్లోంచి అల్లిన చిన్న కథాచిత్రం. దెబ్బలు తిన్న మనిషినే కెమెరా ముందు కూర్చోబెట్టి ఏడిపించడం కన్నా ఇదే మర్యాదైన దారి. భర్త, అత్తింటివారి క్రూరత్వాన్ని నేరంగా గుర్తించిన భారత శిక్షాస్మృతి 498ఎ సెక్షన్ వచ్చిందీ ఆ ఏడాదే.

‘క్యా హువా ఇస్ షహర్ కో’ (1986) హైదరాబాద్ ఏకతా బృందంతో కలిసి తీసినది. 1984 ఆగస్టులో ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేశారు. సెప్టెంబరులో నగరంలో మత ఘర్షణలు చెలరేగాయి; ఈ చిత్రం వాటి గురించే. పాతబస్తీ నుంచి హుస్సేన్‌సాగర్‌కు సాగే గణేశ్ ఊరేగింపు అప్పటికే బలప్రదర్శనగా మారింది. ఇరుపక్షాల నాయకులూ ఈ చిత్రంలో అడ్డులేకుండా మాట్లాడతారు. వాళ్ల పక్కనే కర్ఫ్యూలో కూలి పోయిన కుటుంబాలు కనిపిస్తాయి. ఆ ఉపన్యాసాల ఖరీదు ఎవరు కట్టారో వేరే వ్యాఖ్యానం అక్కర్లేకుండానే తెలుస్తుంది. ఆమె చిత్రాల్లో ఈ నగరానికి అన్నిటికన్నా అవసరమైనది ఇదే.

‘సమ్‌థింగ్ లైక్ ఎ వార్’ (1991) కుటుంబ నియంత్రణ కార్యక్రమంపై తీసింది. శిబిరంలో ఒక డాక్టరు ఆపరేషన్లు ఎంత వేగంగా చేస్తాడో గొప్పగా చెప్పుకుంటాడు. మరోచోట ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని శరీరం గురించి, పిల్లల గురించి దాపరికం లేకుండా మాట్లాడుకుంటారు. లెక్కల కోసం శరీరాన్ని వాడుకునే ప్రభుత్వాన్ని అంత సూటిగా పట్టిన సినిమాలు తక్కువ.

తమిళనాడు ముస్లిం మహిళా జమాత్‌పై ‘ఇన్‌వోకింగ్ జస్టిస్’ 2011లో వచ్చింది. 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణం, ఆ వెంట లేచిన విద్యార్థి ఉద్యమం 2018 నాటి ‘వియ్ హావ్ నాట్ కమ్ హియర్ టు డై’కి విషయం. యుగాంతర్ నాటి చిత్రాలను బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ పునరుద్ధరించడంతో అవి మళ్లీ ప్రదర్శనలకు వచ్చాయి.