చక్రములు విడిచిన మోటారు సైకిలు

మంచు అను మాట మన భాషలో ఎంత ఉదారమైనదో, హిమాలయపు చలిని ఒక్కసారియైన చూచి వచ్చినవానికి గాని తెలియదు. తెల్లవారుజామున వరిచేల మీద కమ్ముకొను పొగను, గడ్డిపరక కొనపై నిలుచు బిందువును, చలికాలమున లంబసింగి లోయను కప్పు తెల్లని తెరను, గుల్మార్గులో ఇంటి కప్పును వంచునంత బరువున పేరుకొను హిమరాశిని మనము ఒక్క పేరుతోనే పిలుచుకొందుము. అందుచేతనే, మంచు మీద నడుపుటకై పాత మోటారు సైకిలు నొకదానిని మలచుచున్నారని ఢిల్లీ చెంతనున్న ఫరీదాబాదులో ఒక షెడ్డు ముందు మొదటిసారి విన్నప్పుడు, తడిదారిపై జారకుండ టైర్లు మార్చుట కాబోలునని అనుకొంటిని. లోపలికి పోయి చూతును గదా, ఆ బండికి టైర్లే లేవు.

రెండడుగుల ఇనుప స్టాండు మీద, ఒకనాడు మట్టిదిబ్బలపై ఎగిరి దూకి ప్లాస్టిక్కు రేకులు పగిలిన పాత డర్టు బైకు నిలిచియున్నది. ముందు చక్రముండవలసిన చోట పడవ ముక్కువలె పైకి వంగిన వెడల్పాటి స్కీ పలక. వెనుక చక్రముండవలసిన చోట చిన్న చిన్న పారలవంటి పళ్ళు వరుసలుగా మొలిచిన నల్లని రబ్బరు పట్టా. అందరును ఉస్తాదని పిలుచు మిస్త్రీ నేలపై గొంతుకూర్చుండి, ఇంజను స్ప్రాకెట్టు అంచునుండి నడిమి ఇరుసు స్ప్రాకెట్టు అంచువరకు ఒక తెల్లని నూలుదారమును బిగలాగి, ఒక కన్ను మూసి, దారమునకును రెండవ స్ప్రాకెట్టునకును నడుమనున్న సందును బొటనవ్రేలి గోటితో తడవి చూచుచుండెను. గోరు దూరినది. అతడు మారుమాటాడక బోల్టు వదులు చేసి, కూల్‌డ్రింకు డబ్బా రేకునుండి కత్తిరించిన పలుచని వాషరు నొకదానిని ఇరుసునకు తొడిగి, మరల దారము లాగెను. ఈసారి గోరు దూరలేదు.

ఈ పని ఫరీదాబాదులో జరుగుట వింత కాదు. దేశవిభజన పిమ్మట వాయవ్య సరిహద్దు ప్రాంతపు బన్నూ మొదలగు ఊళ్ళనుండి కట్టుబట్టలతో వచ్చిన శరణార్థులు, కమలాదేవీ చట్టోపాధ్యాయ గారి సహకార సంఘపు తోడ్పాటుతో, తమ చేతులతో తామే కట్టుకొన్న కొత్త పారిశ్రామిక పట్టణమిది. నేటికిని ఆ భాగమును ఆ మాటల ఆంగ్లపు పొడి అక్షరములతో ఎన్.ఐ.టి. అనియే పిలుచుదురు. 1944లో లాహోరున పుట్టి, విభజనతో ఢిల్లీకి తరలివచ్చిన ఎస్కార్ట్స్ సంస్థ పోలండువారి సహకారముతో ట్రాక్టర్లను, పోలండు నమూనా ననుసరించియే రాజదూత్ మోటారు సైకిలును 1960ల ఆరంభమున ఇక్కడనే తయారుచేయ నారంభించినది. ఉత్తరదేశపు పాలవాండ్రు రెండు ప్రక్కల పాలబిందెలు వ్రేలాడదీసికొని ఊరూర తిరిగిన బండి అది; 1973లో వచ్చిన ‘బాబీ’ చిత్రమున యువజనుల మనసు దోచిన చిన్న బండియు దాని తోబుట్టువే. తరువాత 1983లో యమహా నమూనాతో వెలువడిన రాజదూత్ 350కిని పుట్టినిల్లు ఈ ఊరే. పెద్ద ఫ్యాక్టరీల నీడలో గేర్లు కోయువారు, స్ప్రింగులు చుట్టువారు, రబ్బరు పోతపోయువారు, లేత్ మిషను మీద నూలుపోగంత తేడాను పట్టువారు వీధివీధిని వెలసినందుననే, మంచు కురియని ఈ మైదానమున మంచుబండి రూపు దిద్దుకొనుట సాధ్యమగుచున్నది.

మా వీధిలో తణుకు ప్రాంతపు పెద్దాయన యొకరున్నారు. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా జీవితమంతయు గడిపి ఇక్కడనే స్థిరపడినారు. నేను చూచి వచ్చిన దానిని ఆయనకు వర్ణించి చెప్పగా, ఆయన ఏ మాత్రమును ఆశ్చర్యపడలేదు.

“ఇందులో వింతేముంది బాబూ? దమ్ముచేలోకి ట్రాక్టరు దించేటప్పుడు ఇనప చక్రాలు తగిలించమూ? నేల మెత్తనైతే కాలు వెడల్పు చెయ్యాలి.”

“మరి ముందరి స్కీ సంగతేమిటండీ?”

“పరంబు చెక్క చూడలేదా నువ్వు? దాని మీద మనిషి నిలబడ్డా బురదలో దిగదు, జారుకుంటూ పోతుంది. ఇదీ అంతే.”

గోదావరి డెల్టా రైతు తరతరాలుగా ఎరిగిన ఈ న్యాయమునే అంకెలలో చెప్పవచ్చును. మనిషి నడచునప్పుడు ఒక్క పాదముపై పడు బరువు చదరపు సెంటీమీటరునకు సుమారు పావు కిలోకు పైన. డర్టు బైకు టైరు క్రింద అది ఒక కిలోకు కాస్త తక్కువ. స్నో బైకు పట్టా యొక్క వెడల్పు సుమారు 28 సెంటీమీటర్లు, నేలనంటు పొడవు సుమారు 130 సెంటీమీటర్లు అనుకొని, బండియు మనిషియు కలిసి 230 కిలోలని లెక్కించినచో, భారమంతయు పట్టాయే మోసినను చదరపు సెంటీమీటరుపై పడునది కిలోలో పదునారవ వంతు మాత్రమే. మనిషి మోకాటివరకు దిగబడు చోట ఇంత ఇనుము తేలిపోవుటలో మహత్తేమియు లేదు. కొత్తగా కురిసిన హిమములో పది పాళ్ళకు తొమ్మిది పాళ్ళు గాలియే. ఆ గాలిని నలిపివేయకుండ దాని మీద నిలుచుటయే ఈ విద్యకంతటికిని మూలము.

ఈ విద్య పాత యంత్రముల నుండియే పుట్టినదని చెప్పుట అతిశయోక్తి కాదు. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రమున, వాల్‌కూర్ అను పల్లెకు చెందిన జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియే పదునైదేండ్ల బాలుడై యుండగా, 1922లో, తండ్రి యిచ్చిన పాత ఫోర్డు ఇంజనును ఒక స్లెడ్జి బండిపై బిగించి మొదటి మంచుబండిని నడిపినాడు. పండ్రెండేండ్లకు, 1934 శీతకాలమున, మంచు కప్పిన దారిలో ఆసుపత్రికి చేరు సాధనము లేక అతని రెండేండ్ల కుమారుడు మరణించెను. 1937లో అతడు పేటెంటు పొందిన పళ్ళచక్రపు పట్టాయే నేటి మంచుబండ్లకన్నిటికిని ఆది. మోటారు సైకిలు వెనుకభాగమును తొలగించి అచ్చట పట్టాను తగిలించు కిట్లు బహుకాలము తరువాత వచ్చినవి. అమెరికాలో ఐడహో రాష్ట్రపు టింబర్‌స్లెడ్ సంస్థ వానిని ప్రచారములోనికి తెచ్చినది, 2015లో పోలారిస్ సంస్థ దానిని కొనుకొన్నది.

ఇక పాత బండి నెన్నుకొను విషయము. నా దృష్టిలో ఈ పనిలోని సగము సౌందర్యము ఇక్కడనే కలదు. వేసవిలో చక్రములు, చలికాలమున పట్టా మార్చుకొనుచు ఒకే బండిని నడపవచ్చును. కొత్త బండ్లున్నవారు సాధారణముగ అట్లే చేయుదురు. కాని మార్చిన ప్రతిసారియు గేరు నిష్పత్తి, కార్బ్యురేటరు జెట్లు, ఫోర్కు స్ప్రింగుల బిగువు, గొలుసుల వరుస అన్నియు మార్చవలసి వచ్చును; రెంటికిని సరిపెట్టబోయిన బండి దేనికిని పూర్తిగా సరిపోదు. మంచుకే అంకితము చేయదలచినప్పుడు పాత డర్టు బైకే మేలు. ఏలయన, మట్టిలో మొదట అరిగి చెడునవి చక్రములు, స్పోకులు, స్వింగు ఆర్ము, దాని లింకుల బేరింగులు, వెనుక షాకు; ఇవన్నియు ఎట్లును ఊడదీసి ప్రక్కన పెట్టవలసినవే. టైర్లు చిరిగి, రిమ్ములు వంగి, చూచుటకు తుక్కువలె నున్న బండి ఈ పనికి ఉత్తమమైన బేరము. చూడవలసినవి మూడే: ఫ్రేము వంకర లేకుండుట, హ్యాండిలు మెడ బేరింగులు గట్టిగా నుండుట, ఇంజనులో కంప్రెషను నిలుచుట. కిక్కు మీద కాలు పెట్టి నెమ్మదిగా నొక్కి, పిస్టను పైకి వచ్చి అడ్డుకొన్న చోట ఎంతసేపు ఆపి యుంచునో పాదముతోనే కొలుచు మిస్త్రీని చూచితిని. నాడి పట్టు వైద్యుని ముఖమున ఉండు నిదానము అతని ముఖమున నుండెను.

స్వింగు ఆర్ము తొలగించిన రంధ్రములలోనే పట్టా చట్రమును పొడవాటి బోల్టుతో బిగింతురు. ఇంజను గొలుసు మొదట ఒక నడిమి ఇరుసును త్రిప్పును. ఆ ఇరుసు రెండవ గొలుసుతో పట్టాలోని పళ్ళ డ్రైవరును త్రిప్పును. బ్రేకు డిస్కును ఈ ఇరుసులలో ఒకదానిపైననే యుంచుదురు. మామూలు వెనుక చక్రము ఒక్క చుట్టు తిరిగినచో బండి సుమారు రెండు మీటర్లు ముందునకు పోవును. ఎనిమిది పళ్ళ డ్రైవరు ఒక్క చుట్టునకు పట్టాను నెట్టునది అర మీటరునకు కాస్త ఎక్కువ మాత్రమే. కనుక చక్రముపై నుండు పెద్ద స్ప్రాకెట్టునే యిక్కడ వాడినచో బండి నత్తనడక నడచును. పళ్ళ లెక్కను మరల మొదటినుండి కట్టుకొని రావలెను. ఆ రెండు గొలుసులలో ఏ యొక్కటి వెంట్రుకవాసి ప్రక్కకు తొలగినను, మనిషి జాడలేని కొండచరియలో అది తెగుననుటకు సందేహము లేదు. ఉస్తాదు నూలుదారము మీద అంత శ్రద్ధ పెట్టుట ఇందువలననే.

పట్టా జారు కమ్మీల మీద తెల్లని ప్లాస్టిక్కు అంచులుండును. వానికి కందెన వేరే లేదు. పట్టా ఎగజిమ్ము మంచే కందెన, మంచే చలువ. కొంతదూరము ఉత్త తారురోడ్డు మీద నడిపితిమా, అవి కాగి కరగును. ముందు స్కీ అడుగున ఇనుప కత్తి వంటి ఈనె యొకటి యుండి, గట్టిపడిన మంచులో కోసుకొనుచు మలుపు నిచ్చును. మెత్తని మంచులో ఆ పని పలక వెడల్పే చేయును. ఈనెను ఫోర్కు ఇరుసునకు ఎంత వెనుకగా దిగునట్లు అమర్చిన హ్యాండిలు అంత నిలకడగా నుండును గాని, అంతగా చేతులకు బరువును తెచ్చును. దీనికి సూత్రము లేదు, నడిపి చూచి సరిచేయుటే.

ఇంజనుకు చలి మిత్రుడును శత్రువును గూడ. సముద్రమట్టమునుండి సుమారు 2,650 మీటర్ల ఎత్తుననున్న గుల్మార్గులో గాలి పలుచబడి పీడనము నాలుగవ వంతునకు పైగా తగ్గును. కాని సున్నకు పది డిగ్రీలు క్రిందనున్న చలిలో గాలి చిక్కబడును. ఫరీదాబాదు ఎండతో పోల్చినచో, రెండును కలిసి ఇంజనుకు అందు గాలి కొంత తక్కువ. జెట్టును ఈ లెక్కకే కట్టవలెను. ఎత్తును మాత్రమే తలచి మరీ చిన్నది వేసినవాని పిస్టను కాలును, చలిని మాత్రమే తలచి పెద్దది వేసినవాని ప్లగ్గు మసిబారును. నీటిచలువ ఇంజనులలో రేడియేటరును సగము కప్పుదురు, థర్మోస్టాటు పెట్టుదురు. కార్బ్యురేటరు గాలిగొట్టములు మంచులోనికి వ్రేలాడక ట్యాంకు క్రిందికి ఎక్కివచ్చునట్లు త్రిప్పుదురు. ఆ గొట్టపు మూతి గడ్డకట్టి నడిదారిలో బండి ఆగిపోయినచో కారణము తోచక గంటలు గడచును. చలిలో వెంటనే భారము పెట్టిన గాలిచలువ టూస్ట్రోకు ఇంజనులో పిస్టను ముందు కాగి ఉబ్బును, సిలిండరు ఇంకను చల్లగనే యుండును. అది బిగుసుకొనుటకు ఒక్క నిమిషపు తొందర చాలును.

మన ఊరి రాజదూతునే మంచు కెక్కింపరాదా యని నాకును ఆశ కలిగినది. 175 సి.సి. రాజదూతు ఇంజను పది గుర్రముల బలమునకు లోపే. పట్టాను త్రిప్పుటకే అందులో పెద్దపాలు పోవును. త్రొక్కి గట్టిపరచిన బాటపై చిన్న పట్టాతో మెల్లగా నడచునేమో గాని, లోతైన మంచులో అది నిలువదు. ముప్పది గుర్రముల దరిదాపున నున్న రాజదూత్ 350కి శక్తి కొంత కలదు. అయినను ఇప్పుడు మిగిలినవే కొద్దిగా నున్న ఆ బండిని కోయుటకు నాకు మనసొప్పదు, ఉస్తాదుకు అసలే ఒప్పలేదు. చక్రములతోనే మంచును గెలిచిన మన బండ్లు లేకపోలేదు: 2021 డిసెంబరు 16న రెండు రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ బండ్లు దక్షిణ ధ్రువమును చేరినవి. ముందు స్ప్రాకెట్టును 15 పళ్ళనుండి 13 పళ్ళకు తగ్గించి లాగు బలమును సుమారు ఏడవ వంతు పెంచిరి, టైర్లకు మేకులు బిగించిరి. అది గట్టిపడిన బాట మీది ప్రయాణము. మనాలీ దగ్గరి సోలాంగ్ లోయలో నడుమువరకు కురిసిన మంచుకు ఆ ఉపాయము చాలదు.

చట్టమును మరువరాదు. మోటారు వాహనముల చట్టపు 52వ సెక్షను బండి మూలరూపమును మార్చుటను నిషేధించినది. 2019 జనవరిలో సుప్రీం కోర్టు దానిని మరల స్పష్టముగ చెప్పినది. కనుక పట్టా తగిలించిన బండి రోడ్డు నెక్కరాదు, లారీలో పోయి మంచులో దిగవలసినదే. ఇక పదునైదేండ్లు దాటిన పెట్రోలు బండ్లు రాజధాని ప్రాంతమున తిరుగరాదని 2015లో హరిత ట్రిబ్యునలు, 2018లో సుప్రీం కోర్టు ఆదేశించినవి. ఊపిరాడని ఈ గాలిలో పిల్లలను పెంచుచున్నవాడనుగాన ఆ ఆదేశమును నేను తప్పుపట్టను. కాని రోడ్డు కాదన్న ఇంజనులన్నియు చచ్చినవి కావు. కొలిమిలో కరుగుటకు ముందు మరి పది చలికాలములు పనిచేయగల గుండె వానిలో నుండగా, దానిని వెదకి, తగిన కాళ్ళు తొడిగి, పనికి పంపగల చేతులు ఈ ఊరిలో నున్నవి. ఆ చేతుల విలువను మనము తుక్కు ధరతో లెక్కించుచున్నామని నా బాధ.

డిసెంబరు మొదటివారములో బండిని మనాలీ పోవు లారీ కెక్కించినారు. స్కీ ముక్కుకు గోనెపట్టా చుట్టి, పట్టాకును లారీ చెక్కలకును నడుమ పాత ట్యూబులు కుక్కి, నలువైపుల తాళ్ళు బిగించినారు. ఊడదీసిన చక్రములు రెండును షెడ్డు గోడకు ఆనించి యుండెను. వెనుక చక్రమును కూరగాయల తోపుడుబండి కుఱ్ఱవాడొకడు అటు ఇటు దొర్లించి చూచుచు, ఇరుసు ఎంత లావో ఉస్తాదును అడుగుచుండెను. ఉస్తాదు జేబులోనుండి అదే నూలుదారమును తీసి అతని బండి ఇరుసును కొలువ సాగెను.