విప్పడంలోని విద్య

ఆసుపత్రి పారిశుద్ధ్య కార్మికుల పనితనం గ్లౌజులు తొడుక్కోవడంలో కన్నా విప్పడంలోనే తెలుస్తుంది. మురికి అంటిన పైభాగం చర్మానికి తగలకుండా ఒకదాన్ని మణికట్టు దగ్గర పట్టి, లోపలివైపు బయటికి వచ్చేలా తిరగేసి లాగాలి. రెండోదాని లోపలికి వట్టి వేలు దూర్చి ఒలవాలి. వెంటనే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. అవే గ్లౌజులతో తలుపు గడియ ముట్టుకుంటే తొడిగిన ఫలితం అక్కడే పోయింది. ఉక్కపోతలో గ్లౌజులు, మాస్కు వేసుకుంటే పని సాగదని సూపర్‌వైజర్లు అంటారు. చెమట నిజమే. దానికి సరైన సైజు, మార్చుకోవడానికి ఇంకో జత, మధ్యలో కాస్త విరామం ఇవ్వాలి. తొడుగొక్కటే చాలదు కూడా: బ్లీచింగ్, టాయిలెట్ యాసిడ్ కలిస్తే పుట్టే క్లోరిన్ వాయువును గుడ్డ మాస్కు ఆపలేదు. ఆ రెండింటినీ ఎన్నడూ కలపని మనిషిని ‘అన్‌స్కిల్డ్’ అని రాయడం తప్పు. గ్లౌజుల ఖర్చు ఆ మనిషి జీతంలో కోయడం ఇంకా తప్పు.