రాయి విప్పిన విసనకర్ర

కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీ చాపెల్ కప్పు ప్రపంచంలోని విసనకర్ర కప్పులన్నిటిలోకీ పెద్దది. పొడవు 88 మీటర్లు, వెడల్పు 12, ఎత్తు 24. నడుమ ఒక్క స్తంభం లేదు. రెండువైపుల గోడల నుంచి లేచిన సన్నని రాతి ఈనెలు తాటాకు విసనకర్రలా విచ్చుకుని నడినెత్తిన కలుసుకుంటాయి. ఇంగ్లండ్ రాతిపని మేస్త్రీలు కట్టినవాటిలో దీనికి సాటివచ్చేది లేదు.

ఈ రకం కప్పు ఇంగ్లండ్ సొంత సొత్తు. నేటికీ మిగిలినవాటిలో అన్నిటికన్నా పాతది గ్లాస్టర్ కెథడ్రల్ నడవల్లో ఉంది; అది 14వ శతాబ్దం రెండో సగం నాటిది. కేంబ్రిడ్జి చాపెల్‌కు ఆరవ హెన్రీ 1446లో శంకుస్థాపన చేశాడు. 1461లో ఆయన గద్దె దిగాక పని కుంటుపడింది. యార్క్‌షైర్ తెల్లరాయితో లేచిన గోడలపై ఆ తర్వాత మరో వన్నె రాయి చేరింది. పని ఎక్కడ ఆగిందో ఆ రంగు మార్పే చెబుతుంది. కప్పు వేసేసరికి ఎనిమిదో హెన్రీ రాజ్యం వచ్చింది.

పాత పద్ధతి కప్పుల్లో ముందు కమానుల్లాంటి ఈనెలు నిలిపి, వాటి మధ్య ఖాళీలను పలకరాళ్లతో పూడ్చేవారు. విసనకర్ర కప్పులో ఈనె, పలక ఒకే రాతిలో చెక్కుతారు. పై ముఖం వంపు తిరగాలి, కింది ముఖం మీద నగిషీ తేలాలి, పక్క రాళ్లతో అతుకు వెంట్రుకవాసి తప్పకూడదు. అందుకు నేలమీద అసలు కొలతల్లోనే గీతలు గీసి, వాటి ప్రకారం చెక్క అచ్చులు కోసి, ఒక్కో రాయిని ఆ అచ్చుకు సరిచూసేవారు. ఒక విసనకర్రలోని ఈనెలన్నిటికీ వంపు ఒక్కటే కావడంతో ఒకే అచ్చు ఎన్నో రాళ్లకు పనికొచ్చేది. కింద కర్రతో సెంట్రింగ్ కట్టి, రాళ్లు పేర్చి, సున్నంతో అతికి, చివరికి ఆ కర్ర తీసేవారు. అప్పటినుంచి కప్పును మోసేది దాని ఆకారమే. చాలాచోట్ల దాని మందం జానెడు కూడా ఉండదు. అంత పలచని రాతిపొర బరువును గోడల వెలుపలి దన్నుగోడలు అందుకుని నేలకు దించుతాయి.

కేంబ్రిడ్జిలో ఒక చిక్కు ఉంది. ఒక్కో అంకణం వెడల్పు ఎక్కువ, పొడవు తక్కువ. విసనకర్రలు పూర్తిగా విచ్చుకునేందుకు చోటు చాలదు. మేస్త్రీ జాన్ వాస్టెల్ అంకణానికీ అంకణానికీ నడుమ బలమైన అడ్డకమాను వేసి, విసనకర్రల అంచులను అక్కడికి తెగ్గోశాడు. ఆ కోతే కప్పుకు నడక, లయ ఇచ్చింది. నడుమ వేలాడే రాళ్లు ఒక్కొక్కటీ టన్నుకు పైమాటే. వాటిమీద ఒక అంకణంలో ట్యూడర్ రాజవంశపు గులాబీ, మరో అంకణంలో కోటద్వారపు జాలీ తలుపు చెక్కారు. 1512 ఒప్పందం ప్రకారం అంకణానికి 100 పౌండ్ల చొప్పున 12 అంకణాలకు 1200 పౌండ్లు. మూడేళ్లలో, 1515కల్లా కప్పు పూర్తయింది. కాంటర్బరీ కెథడ్రల్ నడి గోపురం కట్టిందీ ఈ వాస్టెల్ చేతులే. లండన్‌లో సెయింట్ పాల్స్ కెథడ్రల్ కట్టిన క్రిస్టఫర్ రెన్ ఏటా వచ్చి ఈ కప్పు చూసేవాడనీ, మొదటి రాయి ఎక్కడ పెట్టాలో చెబితే ఇలాంటిది తానూ కడతాననేవాడనీ జనం చెప్పుకుంటారు.

ఆక్స్‌ఫర్డ్ అభిమానులు విలియం ఆర్చర్డ్ కట్టిన డివినిటీ స్కూల్ కప్పును పోటీకి తెస్తారు. 1480ల నాటి ఆ పనిలో 455 చెక్కుడు రాళ్లున్నాయి. చూడముచ్చటైనదే, కానీ నగల దుకాణంలా కిక్కిరిసి ఉంటుంది. అది నిజమైన విసనకర్ర కప్పూ కాదు. 1640 ప్రాంతంలో అక్కడి క్రైస్ట్ చర్చ్ మెట్లమీద ఒకే సన్నని స్తంభం నుంచి నాలుగువైపులా విచ్చుకున్న కప్పుకు మాత్రం ఎవరైనా చెయ్యెత్తి మొక్కాల్సిందే. ఇలాంటి పనులు చేయించే మఠాలు మూతపడి సుమారు నూరేళ్లయినా కొందరి చేతుల్లో విద్య బతికి ఉందనడానికి అదే సాక్ష్యం.

తర్వాత నకిలీల కాలం వచ్చింది. 18వ శతాబ్దంలో రచయిత హోరేస్ వాల్పోల్ తన స్ట్రాబెర్రీ హిల్ భవనంలో లండన్ వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బీలోని విసనకర్ర కప్పును కాగితపు గుజ్జుతో పోతపోయించాడు. ఆర్బరీ హాల్ అనే మరో భవనంలో ప్లాస్టర్‌తో అల్లారు. ఆక్స్‌ఫర్డ్ న్యూ కాలేజీ చాపెల్‌కు వాస్తుశిల్పి జేమ్స్ వాయట్ ప్లాస్టర్ కప్పు తగిలించాడు. దాన్ని మరుసటి శతాబ్దంలో తీసేశారు, మంచిపని చేశారు. ఇలాంటి నకిలీ కప్పుల ఈనెలు దేన్నీ మోయవు. పైనున్న దూలాలకు వేలాడుతుంటాయి. ఫాల్స్ సీలింగుకూ రాతి కట్టడానికీ తేడా తెలియని కళ్లకు రెండూ ఒకటే. ఈ విద్యకు అంతకన్నా అవమానం లేదు. పోల్చాలంటే అతుకులు వెతకాలి: రాతికప్పులో అవి ఈనెలను అడ్డంగా కోస్తూ పోతాయి, ప్లాస్టర్‌లో కనబడవు.

రాతిలోనే పని చేయించడం అసాధ్యమేమీ కాదు. 1860లలో వాస్తుశిల్పి గిల్బర్ట్ స్కాట్ బాత్ నగరంలోని అబ్బీ నడిమి భాగానికి అక్కడి పాత కప్పును అనుసరించి రాతికప్పే వేయించాడు. గ్లాస్టర్, లింకన్, యార్క్ వంటి కెథడ్రళ్లు నేటికీ సొంత మేస్త్రీలను పోషిస్తున్నాయి. అలాంటి చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. శిష్యులు చేరక అవి కూడా మూతపడితే రేపు రాలిన ఒక్క రాయిని తిరిగి చెక్కేవారుండరు. కేంబ్రిడ్జికి ఒక్క రోజు కోసం వచ్చే యాత్రికులు కామ్ నదిలో పంట్ పడవ ఎక్కి, చాపెల్‌ను బయటినుంచి ఫోటో తీసుకుని మళ్లిపోతుంటారు. టికెట్ కొని లోపలికి వెళ్లి, ఒక్క అంకణాన్నైనా అతుకు అతుకూ తలెత్తి చూడాలి. చూసే కళ్లుంటేనే చెక్కే చేతులకు కూలి గిడుతుంది.