పినోకియో కథ: బాలపఠనయోగ్యత

ఇటలీదేశపు బాలవాఙ్మయమునఁ బినోకియో కథకు సాటివచ్చు ప్రసిద్ధి వేఱొక గ్రంథమునకు లేదు. దీని కర్తయగు కార్లో లొరెంజీని 1826లో ఫ్లోరెన్సునఁ బుట్టి, తల్లివంకవారి గ్రామనామమును గైకొని కొల్లోడి యను పేర రచనలు సాగించెను. 1881లో రోమునగరపు బాలపత్రికయందు మొదలైన యీ కథ 1883లో 36 ప్రకరణముల గ్రంథమై వెలువడెను. అద్భుతమును, హాస్యమును నిందుఁ బుష్కలముగాఁ గలవనుటలో వివాదము లేదు. ఇందలి భయానకము బాలుర కుచితమా యనునదియే విచార్యము.

కథానాయకుఁడు జెప్పెట్టో యను నిఱుపేద చెక్కిన కొయ్యబొమ్మ. హితము చెప్పిన కీచురాయిని వాఁడు కొయ్యసుత్తితోఁ గొట్టి చంపును. నిప్పుల కుంపటిపైఁ గాళ్లుంచి నిద్రించి వానిని గాల్చుకొనును. నక్కను, పిల్లిని నమ్మి మోసపోయి 15వ ప్రకరణమునఁ జెట్టునకు నురిదీయఁబడును. పత్రికయందుఁ గథ మొదట నిచటనే ముగిసినది. పాఠకులు కోరఁగాఁ గొల్లోడి 1882లో దానిని మరలఁ గొనసాగించెను. ఇట్టి ఘట్టములు లేఁతమనస్సులకు దుస్సహములని తలఁచి సంక్షేపకర్తలు పలువురు వీనిని మార్చిరి. 1940నాఁటి డిస్నీ చలనచిత్రమునఁ గీచురాయి చావదు సరికదా, బొమ్మకు నిత్యసహచరియై యుండును.

అయినను భయ మంతయు నొకజాతిది కాదు. కాళ్లు కాలుట యజాగ్రత్త ఫలమని బాలుఁడు తానే యెఱుంగును. 17వ ప్రకరణమున బొమ్మ చేఁదుమందు త్రాగ నొల్లకుండఁగా 4 నల్లని కుందేళ్లు పాడె మోసికొనివచ్చును; వెంటనే మందు గుటుక్కున దిగును. ఇచట భయానకము హాస్యమున కంగమైనది.

న్యాయసభా ఘట్టము మఱింత చిక్కైనది. సొమ్ము పోఁగొట్టుకొని మొఱపెట్టుకొన్న బొమ్మను, వానరుఁడైన న్యాయాధిపతి 4 నెలలు చెఱ నుంచును. దుష్టులకు విడుదల కలిగినపుడు తానును దుష్టుఁడనే యని చెప్పికొన్నఁగాని వాఁడు బయటఁబడఁడు. అధర్మము గెలుచుటను బాలురకుఁ జూపరాదందురేని, 1853నాఁటి చిన్నయసూరి నీతిచంద్రిక మాట యేమి? మిత్రభేదమున దమనకుని కపటముచే నిరపరాధియైన సంజీవకుఁడు సింహమువాతఁ బడును. తెలుఁగు బడులలోఁ దరతరముల బాలు రది చదివిరి. లోకమున మోసము కలదని తెలియుట నీతికి విఘాతము గాదు.

గ్రంథమునకు నిజమైన దోషము 23వ ప్రకరణమునఁ గలదు. తమ్ముఁడైన పినోకియో విడిచిపోవుటచే దుఃఖించి మృతినొందెనని నీలికురుల దేవకన్య సమాధిశిల చెప్పును. తరువాత నామె సజీవయై కనఁబడును. తప్పునకుఁ దగిన ఫలము చూపుట శిక్షణము. ప్రేమించినవారి చావునకు నీవే కారణమని నమ్మించుట పీడనము.

కాని తుది ప్రకరణమందలి గాడిద మరణమును దొలఁగించుట తగదు. బడి మాని యాటలదేశమున కేఁగి గాడిదలైన యిద్దఱిలోఁ బినోకియో తప్పించుకొనును. చెలికాఁడు చాకిరిచే నశించును. ఆ చాకిరినే పినోకియో పూని, రోగియైన తండ్రికి గ్లాసెఁడు పాలకొఱకు 100 కడవల నీరు తోడును. చెలికాని చావు లేనిచో, బొమ్మ మనుష్యబాలుఁడగుట వరమగునేకాని పరిశ్రమఫలము గానేరదు.

కావున 8 ఏండ్లు దాఁటిన బాలురకు గ్రంథము సమగ్రముగా నీయఁదగినది. ఉపాధ్యాయుఁడు 15వ ప్రకరణముకడఁ జదువు నాఁపక, దేవకన్య బొమ్మను రక్షించు తరువాతి ప్రకరణమునుగూడ నాఁడే వినిపింపవలయును. 23వ దానిని బాలురచే నొంటిగాఁ జదివింపక తాను దగ్గఱనుండి చదివింపవలయును. కత్తిరింపుకంటెఁ దోడు మేలు.