చక్రం ఎప్పుడు కొట్టుకుంటోంది?

"అన్నా, ముందర కొట్టుకుంటాంది" అని బండి తెచ్చి నిలబెడితే, ఆదోనిలో అయినా ఎమ్మిగనూరులో అయినా చాలా షెడ్లలో మొదట చేతికొచ్చేది పెద్ద పానా. హ్యాండిల్ కింద, ఫోర్కు తిరిగే గోళీల కీలు అయిన కోన్‌సెట్ నట్టును అరచుట్టు బిగిస్తారు. వణుకు నిజంగానే తగ్గుతుంది, బండి తెచ్చినాయన నిమ్మళంగా వెళ్ళిపోతాడు. నా అభ్యంతరం ఆ పానాకు మొదటి స్థానం ఇవ్వడం మీదే. వణుకు ఆగడం వేరు, వణుకుకు కారణం పోవడం వేరు. కోన్‌సెట్ నిజంగా లూజైతే బిగించాల్సిందే. కానీ అది లూజైందో లేదో చూడకుండా బిగిస్తే, చక్రంలోనో టైరులోనో ఉన్న తప్పు అలాగే ఉంటుంది, దాన్ని చెప్పే గొంతు మాత్రం మూగబోతుంది.

ఇంకో దేశంలో చిన్న చక్రాల బండంటే పిల్లల ఆటబండి కావచ్చు. మన పడమటి కర్నూలులో చిన్న చక్రాల బండి అంటే కష్టం చేసే బండి. హోసూరు నుంచి 1980లో టీవీఎస్ 50 వచ్చినప్పటి నుంచి, 2015లో వచ్చిన ఎక్స్‌ఎల్ 100 దాకా, ఈ మోపెడ్లే పాలక్యాన్లు, గడ్డిమోపులు, కూరగాయల గంపలు, నూలు కట్టలు మోశాయి. అవి తిరిగే నేల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. దాని మీద వేసిన రోడ్డు ఏళ్ళు గడిచేకొద్దీ అలలు తేలుతుంది, అంచులు కుంగుతాయి. పెద్ద చక్రం గుంతను దాటుకుంటూ పోతే, చిన్న చక్రం దానిలోకి దిగి లేస్తుంది. ఆ దెబ్బ రిమ్ము మీద, పుల్లల మీద, కోన్‌సెట్ గోళీల మీద పడుతుంది. అందుకే ఈ వణుకు ఇక్కడ చిన్న సంగతి కాదు. వెనక నలభై లీటర్ల పాలు పెట్టుకుని తెల్లవారుజామున చీకట్లో వచ్చే మనిషి ప్రాణం ఆ ముందు చక్రం మీదే ఉంటుంది.

కొంచెం లెక్క చూద్దాం. ఎక్స్‌ఎల్ బండి టైరు 2.50-16. అంటే టైరుతో కలిపి చక్రం అడ్డుకొలత దాదాపు 21 అంగుళాలు, ఒక చుట్టుకు 1.67 మీటర్లు నడుస్తుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో సెకనుకు ఆరున్నర చుట్లు తిరుగుతుంది. రెండు చక్రాల బండికి హ్యాండిల్ తనంతట తాను అటూ ఇటూ ఊగే స్వభావం ఒకటుంది, అది చాలా బండ్లకు సెకనుకు 4 నుంచి 10 సార్ల మధ్యలో ఉంటుంది. చక్రంలో ఒక చోట వంకరుంటే చుట్టుకొక్క దెబ్బ కొడుతుంది. ఉయ్యాలను సరిగ్గా దాని ఊపుకు తగ్గట్టు తోస్తే ఏమవుతుందో, ఆ రెండు లెక్కలు కలిసిన వేగంలో హ్యాండిల్‌కూ అదే అవుతుంది. పెద్ద బైకు ఆ వేగాన్ని దాటి పైకి వెళ్ళిపోగలదు. మోపెడ్ బతుకంతా 30కీ 50కీ మధ్యే, అంటే సరిగ్గా ఆ గండంలోనే గడుస్తుంది.

కాబట్టి మొదటి ప్రశ్న "ఏది పాడైంది" అని కాదు, "ఎప్పుడు కొట్టుకుంటోంది" అని. ఈ పద్ధతి ఎమ్మిగనూరుకు కొత్త కాదు. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఊరది. బట్టలో తప్పు కనబడితే నేతగాడు మగ్గాన్నంతా విప్పడు. గీత పొడుగునా వస్తోందా, అడ్డంగా వస్తోందా అని చూస్తాడు. పొడుగునా వస్తే పడుగులోనో అచ్చులోనో తప్పుంది, అడ్డంగా వస్తే పేకలో. తప్పు ఎలా తిరిగి తిరిగి వస్తోందో అదే దాని పుట్టుక చెబుతుంది. బండికీ అంతే. సెంటర్ స్టాండు మీద నిలబెట్టి ముందు చక్రం కదలకుండా ఇంజను రేజ్ చేస్తే హ్యాండిల్ వణికిందా, అప్పుడు వెదకాల్సింది ఇంజను బోల్టుల దగ్గర. బ్రేకు పట్టినప్పుడే కొట్టుకుంటే మొదటి అనుమానం డ్రమ్ము మీద. పుల్లలు ఒకవైపు బిగువుగా, ఒకవైపు వదులుగా ఉంటే డ్రమ్మునే లాగి గుండ్రతనం చెడగొట్టగలవు. ఒకే వేగంలో ఊగి, ఆ వేగం దాటాక తగ్గితే చక్రమో టైరో. హ్యాండిల్ అటూ ఇటూ ఊగడం వేరు, ముందుభాగం కిందికీ పైకీ ఎగరడం వేరు. మొదటిది సాధారణంగా రిమ్ము పక్కకు వంగినందుకు వస్తే, రెండోది చక్రం గుండ్రతనం తప్పినందుకు వస్తుంది.

ఇందులో టైరును అందరూ మరిచిపోతారు. సర్కారు తుమ్మ ముల్లు దిగని వారం ఈ పల్లెల్లో ఉండదు. పంచరు వేశాక ట్యూబు ఎక్కించి గాలి కొట్టేటప్పుడు టైరు అంచు రిమ్ములో ఒకచోట సరిగా కూర్చోకపోతే, మంచి టైరు కూడా గుడ్డులా తిరుగుతుంది. రిమ్ము పక్కన టైరు మీద సన్నటి గీత ఒకటి చుట్టూ ఉంటుంది. ఆ గీతకూ రిమ్ముకూ మధ్య ఎడం అన్నిచోట్లా ఒకేలా ఉందా అని చూస్తే చాలు. అది సరిగా ఉన్నాకే రిమ్ము. ఇంజను కింద ఇటుక పెట్టి ముందు చక్రం లేపి, ఫోర్కుకు ఒక తీగముక్క కట్టి దాని కొన రిమ్ము దగ్గరకు తెచ్చి తిప్పితే వంకర కంటికి కనిపిస్తుంది. రెండు మిల్లీమీటర్లు దాటితే పుల్లలు సరిచేయాలి. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే బేరింగు లూజు తెలుస్తుంది. ఫోర్కుల కింది కొసలు పట్టి ముందుకూ వెనక్కూ లాగుతూ, కోన్‌సెట్ కీలు దగ్గర వేలు ఆనిస్తే "టక్" మన్నది అక్కడో, ఫోర్కులోనో వేలికి అందుతుంది. కోన్‌సెట్ దగ్గర అంటేనే పానా తీయాలి.

పెద్ద బైకులకు స్టీరింగ్ డ్యాంపర్ బిగిస్తారు కదా, కోన్‌సెట్ బిగించడమూ అలాంటిదే కదా అనేవాళ్ళున్నారు. ఇది గట్టి ప్రశ్నే. పాత బ్రిటిష్ మోటారు సైకిళ్ళకు హ్యాండిల్ నడుమ తిప్పే మర కూడా ఉండేది. కానీ ఆ మర నొక్కేది విడిగా ఉన్న బిళ్ళలను, గోళీలను కాదు. నూనెతో పనిచేసే డ్యాంపర్ వేగంగా ఊగితేనే గట్టిగా అడ్డుకుంటుంది, నెమ్మదిగా తిప్పితే దారి ఇస్తుంది. బిగిసిన కోన్‌సెట్ దీనికి తలకిందులు. మనం తెలియకుండానే క్షణక్షణం హ్యాండిల్‌ను రవ్వంత కదిలిస్తూ బండిని నిలబెట్టుకుంటాం, అది అడ్డుకునేది ఆ చిన్న కదలికలనే. అందుకే అలా బిగించిన బండి సంతలో, జనంలో మెల్లగా పోయేటప్పుడు తాగినవాడిలా తూలుతుంది. పైగా గుంతల దెబ్బకు గోళీలు తాము తిరిగే గాడిలో, అంటే రేసులో, నడుమ చోటే గుంటలు చేస్తాయి. చక్రం లేపి హ్యాండిల్‌ను నడుమ నుంచి కొద్దిగా తోస్తే తనంతట తాను పక్కకు వాలాలి. నడుమ పట్టుకుని ఆగితే రేసు పోయినట్టే, దాన్ని మార్చాలి తప్ప బిగిస్తే బాగుపడదు.

ఇదంతా రోడ్డు తప్పు, బండిని ఎంత చూసినా ఏం లాభం అన్న మాటలో సగం నిజముంది. రోడ్లు బాగుచేయమని అడగాల్సిందే. అయితే రోడ్డు వణుకును చక్రం వణుకు నుంచి విడదీయడం కష్టం కాదు. చోటు మారితే మారేది రోడ్డుది, వేగం మారితే మారేది బండిది. తారు బాగున్న ఒక ముక్క మీద 20, 30, 40లో మూడుసార్లు పోయి వస్తే తేలిపోతుంది. ఇక తీరిక లేదన్న మాట. రోజుకు పది బండ్లు చూసే మెకానిక్కుకు అది నిజమైన ఇబ్బంది, దాన్ని తేలిగ్గా తీసేయలేను. కానీ ఇటుక, తీగముక్క, వేలు: ఈ పరీక్షలకు కావాల్సినవి ఇవే, పది నిమిషాల పని. ఆ పది నిమిషాలకు కూలి ఇవ్వాల్సింది బండి తెచ్చినవాళ్ళం మనమే. సామాను మారిస్తేనే డబ్బు, చూసి చెబితే ఊరికే అనుకున్నంత కాలం పానాయే ముందు తిరుగుతుంది.

చివరికి అన్నీ సరిగ్గా ఉండీ కొట్టుకుంటే బరువు ఎక్కడుందో చూడాలి. వెనక ఇరుసుకు ఆవల వేలాడే క్యాన్లు ముందు చక్రాన్ని పైకి లేపుతాయి, తేలికైన ముందుభాగం తొందరగా ఊగుతుంది. అదే బరువులో కొంత కాళ్ళ దగ్గరి పలక మీదికి మార్చి, ఆ తారు ముక్క మీదే ఇంకోసారి 40లో పోయి చూడండి.